చంబల్‌లో కరువు, సీమలో కత్తి

సంక్రాంతి మూడు రోజులూ అనంతపురం ఇళ్ళలో జరిగే చర్చ ఒకటే. ఓళిగలు తిని చాప మీద వాలి, ఏ సినిమా ఆడింది, ఏది పోయింది అని. 2025లో ఆ చర్చకు మూడు పేర్లు దొరికాయి: జనవరి 10న 'గేమ్ ఛేంజర్', 12న 'డాకు మహారాజ్', 14న 'సంక్రాంతికి వస్తున్నాం'. మా ఇంట్లో మొదటిదాన్ని రెండు మాటల్లో తేల్చేశారు. మూడోదాన్ని తలుచుకుని మళ్ళీ నవ్వారు. రెండోదాని దగ్గర పెద్దవాళ్ళు 'దబిడి దిబిడి' స్టెప్పులకు మొహం చిట్లించారు, కుర్రాళ్ళు తమన్ బీజీఎమ్‌కి ఊగిపోయారు. అది నీళ్ళ కథ అన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే హాల్లో ఈల వేసేటప్పుడు నాకూ తట్టలేదు.

బాబీ కొల్లి తీసిన ఆ సినిమాలో బాలకృష్ణ ఒక ఇంజనీరు. పేరు సీతారాం. చంబల్‌లో నీళ్ళకు అల్లాడే ఊళ్ళను చూసి, అక్కడి ఠాకూర్లకు ఎదురు తిరిగి డాకు అవుతాడు. ఇదే హీరో సీమకు వచ్చినప్పుడు ఏం చేశాడో గుర్తు తెచ్చుకోండి. 1999 సంక్రాంతికి 'సమరసింహారెడ్డి', 2023 సంక్రాంతికి 'వీరసింహారెడ్డి'. మధ్యలో 24 ఏళ్ళు గడిచినా పగ అదే, కత్తి అదే. హిందూపురం నుంచి మూడుసార్లు గెలిచిన ఎమ్మెల్యే తెర మీద నీళ్ళ కోసం కొట్లాడాలంటే చంబల్ దాకా పోవాల్సి వచ్చింది!

ఈ సినిమాలోనే మదనపల్లె ఉంది. పచ్చటి ఎస్టేటుగా. హార్సిలీ కొండల చల్లదనం ఉంది, కాదనను. కానీ మదనపల్లె అంటే మనకు తెలిసింది టమాటా మార్కెట్టు, ఎండిన బోర్లు. దాహాన్ని ఉత్తరాదికి పంపేసి, పచ్చదనాన్ని తెచ్చి మన కరువు నేల మీద పరిచారు.

ఎందుకిలా? సీమ కథలు రాసేది కోస్తావాళ్ళు కాబట్టి అనడం సులువు. 'సమరసింహారెడ్డి'కి కథ ఇచ్చిన విజయేంద్రప్రసాద్‌ది గోదావరి జిల్లా, మాటలు రాసిన పరుచూరి సోదరులది కృష్ణా జిల్లా. అందులో సీమ మట్టి వాసన ఉన్నది జయప్రకాశ్ రెడ్డి గొంతులోనే. కానీ నాకు ఆ కారణం సరిపోదు. అసలు చిక్కు మాస్ సినిమా కట్టుబాటులో ఉంది. దానికి నరకడానికి ఒక మెడ కావాలి. చంబల్ కరువుకు ఒక ఠాకూర్ ఉన్నాడు, అతను పోతే ఊరు గెలిచినట్టే. అనంతపురం కరువుకు అలాంటి మెడ లేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ శెనిక్కాయ ఊడలు దిగే వేళకు మొహం చాటేసే వాన. పూడిక నిండిన తుంగభద్ర డ్యాం, దాని మీద ఆధారపడిన ఎగువ కాలువ. ఏళ్ళకేళ్ళు సాగి 2012కి గానీ కృష్ణా నీళ్ళను జీడిపల్లి చేర్చలేని హంద్రీ-నీవా. ఇందులో ఎవర్ని నరుకుతావ్? అందుకే తెర మీద మన ఊళ్ళకు మెడలు మిగిలాయి, కరువు మాయమైంది.

మా పెద్దనాయన ఈ వాదన ఒప్పుకోలా. "కరువు మనింట్లోనే ఉండాది కదప్పా, టికెట్టు కొని చూడల్నా?" అన్నాడు. సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి కథలు సినిమాలు కాలేదేమంటే పరిశ్రమ చెప్పే జవాబు కూడా ఇదే. కానీ అదే పెద్దనాయన చంబల్ ఊళ్ళ దాహాన్ని టికెట్టు కొనే చూశాడు. లేచి పోలేదు, ఫోన్ తీయలేదు. అంటే జనానికి కరువు మీద విసుగేం లేదు. వాళ్ళకు ఎవరూ వాళ్ళ కరువును పెద్ద హీరోతో, పెద్ద తెర మీద చూపించలేదంతే.

'డాకు' ప్రీరిలీజ్ వేడుక జనవరి 9న అనంతపురంలోనే జరగాల్సింది. ముందురోజు తిరుపతి తొక్కిసలాటలో ఆరుగురు చనిపోవడంతో రద్దు చేశారు. తర్వాత 22న విజయోత్సవం ఇక్కడే పెట్టారు. వెళ్ళొచ్చిన మా బామ్మర్దిని, నీళ్ళ గురించి ఎవరైనా మాట్లాడారా అని అడిగా.

"శానా మంది వచ్చినారు బావా, ఏమీ ఇనపళ్ళా" అన్నాడు.