సేవ్ లేని ఆట

2000 తర్వాత తంబళ్లపల్లె నుంచి మదనపల్లెకు చదువుకోవడానికి వచ్చిన కుర్రాళ్లలో చాలామందికి నెట్ సెంటర్ అంటే మెయిల్ చూసుకునే చోటు కాదు, ఐజీఐ ఆడుకునే చోటు. ఒకడు మౌస్ పట్టుకుంటే వెనక ముగ్గురు నిలబడి సలహాలిచ్చేవాళ్లు. ‘టవర్ మీద ఉన్నాడ్రా, ముందు వాణ్ని లేపెయ్!’

నార్వేకు చెందిన ఇన్నర్‌లూప్ స్టూడియోస్ 2000 చివర్లో తెచ్చిన ఈ ఆటలో కథ అంతంతమాత్రమే. డేవిడ్ జోన్స్ అనే ఏజెంటు ఒంటరిగా శత్రు స్థావరాల్లోకి చొరబడాలి. మొత్తం 14 మిషన్లు. కాపలావాళ్ల తెలివితేటలూ గొప్పవేం కావు. అయినా పట్టుకుంటే వదలబుద్ధి కాదు. అందుకు సగం కారణం ఆ నేల. అదే కంపెనీ అంతకుముందు జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అనే యుద్ధవిమానాల ఆట చేసి, ఆ ఇంజన్‌నే దీనికీ వాడుకుంది. అందుకే ఇరుకు వరండాలకు బదులు కనుచూపు మేరా కొండలూ లోయలూ కనిపిస్తాయి. గట్టు మీద ఆగి, బైనాక్యులర్స్‌తో కింద ఉన్న క్యాంపును తీరిగ్గా లెక్కగట్టవచ్చు. తంబళ్లపల్లె దగ్గరి మల్లయ్యకొండ ఎక్కి ఊళ్లను చూసినవాళ్లకు ఆ చూపు కొత్తేం కాదు.

మిగతా సగం భయం. మిషన్ మధ్యలో సేవ్ ఉండదు. కంచె దాటి, కెమెరా అటు తిరిగేదాకా గోడకు నక్కి, కేబుల్ మీద జారి, తీరా చివరి గదిలోకి వచ్చాక తూటాలు తగిలి చస్తే మళ్లీ మొదటికే. ఆలోపు గంట అయిపోయిందని సెంటరాయన కేకేస్తే ఇక చెప్పేదేముంది!

1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియాలోనూ ఇదే కిటుకు. అందులో ఎన్నిసార్లు చచ్చినా ఫర్వాలేదు, గడియారం మాత్రం ఆగదు. గంటలోగా రాకుమారిని చేరుకోవాల్సిందే.

2003లో వచ్చిన ఐజీఐ రెండో భాగం మిషన్ మధ్యలో కొన్ని సేవ్‌లు ఇచ్చింది. బొమ్మలు మెరుగయ్యాయి, గుండెదడ తగ్గింది. ఫోన్లో బీజీఎంఐ ఆడే ఇప్పటి పిల్లలకు ఓడితే నిమిషంలో ఇంకో మ్యాచ్ సిద్ధం. జట్టుగా ఆడే సరదా దానిదే, కాదనలేం. కానీ ఒంటరిగా ఓపిక పట్టే ఆటకు ఐజీఐ మొదటి భాగమే మేలు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఒక్క మాట: ముందు కంప్యూటర్ గది వెతికి కెమెరాలు ఆపేయండి, తుపాకీ సంగతి ఆ తర్వాత.