వినిపించే చీకటి: భయానక శ్రవ్య నాటకం

కంటికి ఏమీ చూపకుండా మాట, చప్పుడు, సంగీతం, నిశ్శబ్దం అనే నాలుగింటితోనే శ్రోతలో భయం పుట్టించేది భయానక శ్రవ్య నాటకం. రంగస్థలం మీద దెయ్యానికి వేషం కట్టాలి. సినిమాలో దానికో రూపం ఇవ్వాలి. ఆ రూపం ఎంత బాగా కుదిరినా చూసేవాడికి దాని కొలత అందిపోతుంది: ఇంత ఎత్తు, ఇలాంటి పళ్ళు, ఇలాంటి జుట్టు. రేడియోలో ఆ కొలత అందదు. తలుపు అవతల అడుగుల చప్పుడు ఆగుతుంది. వచ్చిందేమిటో వినేవాడే ఊహించుకోవాలి. ఎవరికి వారు తాము అన్నిటికన్నా ఎక్కువగా భయపడేదాన్నే అక్కడ నిలబెట్టుకుంటారు.

ఈ బలాన్ని రేడియో పుట్టిన కొత్తల్లోనే గుర్తించారు. 1924 జనవరి 15న బి.బి.సి. ప్రసారం చేసిన రిచర్డ్ హ్యూస్ నాటిక 'డేంజర్' బొగ్గు గనిలో జరుగుతుంది. దీపాలు ఆరిపోతాయి, నీళ్ళు పైకి వస్తుంటాయి. పాత్రలకు ఏమీ కనిపించదు, శ్రోతకూ కనిపించదు. ఇద్దరూ ఒకే చీకట్లో ఉంటారు. 1934లో చికాగోలో విల్లిస్ కూపర్ 'లైట్స్ ఔట్' అనే అర్ధరాత్రి నాటకాలు మొదలుపెట్టాడు, తరవాత ఆర్చ్ ఒబోలర్ వాటిని కొనసాగించాడు. ఎముకలు విరిగే చప్పుడు కోసం అక్కడ మాంసం కొట్టు నుంచి తెచ్చిన పక్కటెముకలు విరిచేవారు, తల నరికే చప్పుడు కోసం క్యాబేజీ మీద కత్తివేటు వేసేవారు. బి.బి.సి.లో 1943లో మొదలైన 'అపాయింట్‌మెంట్ విత్ ఫియర్' మాత్రం వాలెంటైన్ డయల్ అనే కథకుడి గొంతు మీదే ఎక్కువగా ఆధారపడింది. నెత్తురు చప్పుళ్ళను నమ్ముకున్న దారి ఒకటి, నెమ్మదైన గొంతును నమ్ముకున్న దారి ఇంకొకటి. తెలుగు శ్రవ్య నాటకం స్వభావానికి రెండోదే దగ్గర.

తెలుగువారికి రేడియో నాటకం 1938లో మద్రాసు కేంద్రంతో పరిచయమైంది. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం మొదలయ్యాక అది కోస్తా పల్లెలకు ఇంటి సంగతి అయిపోయింది. విజయవాడకు సుమారు అరవై కిలోమీటర్లలో ఉన్న ఏలూరుకు, దానికవతల తాడేపల్లిగూడేనికి, కొల్లేటి లంకలకు నాటకమంటే ఆ కేంద్రమే. ఈ ప్రాంతానికి ఆ కేంద్రంతో ఉన్న సంబంధం వినడంతోనే ఆగలేదు. కొల్లేటి ఒడ్డున ఇవాళ పక్షుల కేంద్రంగా పేరున్న ఆటపాకలో 1907లో పుట్టిన బందా కనకలింగేశ్వరరావు ఏలూరులో న్యాయవాదిగా ఉంటూ ప్రభాత్ థియేటర్ నెలకొల్పి నాటకాలాడారు. 'చింతామణి'లో బిల్వమంగళుడిగా పేరు తెచ్చుకున్నారు. తరవాత విజయవాడ ఆకాశవాణిలో నాటక ప్రయోక్త అయ్యారు. వేలమందికి వినపడేలా గొంతెత్తి పద్యం పాడే రంగస్థలం నుంచి, జానెడు దూరంలోని మైకు ముందుకు వచ్చిన తరం ఆయనది. తెలుగు రేడియో నాటకం తన నటననూ ఉచ్చారణనూ ఆ తరం దగ్గరే నేర్చుకుంది.

విజయవాడ కేంద్రానికి పేరు తెచ్చిన నాటకాలు 'వరవిక్రయం', 'గణపతి' వంటివి. వాటిలో ఉన్నది కన్నీరు, నవ్వు. చికాగో తరహాలో కేవలం భయానికే పేరుపడ్డ వరస ఇక్కడి గుర్తింపు కాలేదు. అయినా భయానకం మన నాటకంలో లేకపోలేదు. పురాణంలో, జానపదంలో, కాటి సీనులో అది ఎప్పటినుంచో ఉంది. చెల్లెలిని అత్తవారింటికి పంపుతూ రథం తోలుతున్న కంసుడికి ఎక్కడినుంచో అశరీరవాణి వినిపిస్తుంది: ఈమె ఎనిమిదో సంతానం చేతిలో నీ చావుంది. మాట్లాడినవారెవరో కనిపించరు. వెంటనే కత్తి దూస్తాడు. ఆకారం లేని గొంతు మహాబలుణ్ని ఎలా వణికించగలదో చూపించడానికి ఇంతకన్నా మంచి ఘట్టం దొరకదు.

భరతుడి నాట్యశాస్త్రం భయానక రసానికి కారణాలు చెబుతూ వికృతమైన ధ్వనుల్ని, భూతాల దర్శనాన్ని, నక్కల వల్ల, గుడ్లగూబల వల్ల కలిగే బెదురును, పాడుబడ్డ ఇళ్ళను, అడవుల్ని పేర్కొంటుంది. పట్టిక మొదలయ్యేదే ధ్వనితో. నక్కా గుడ్లగూబా చీకట్లో వినపడి భయపెట్టేవే. అయితే ఆ శాస్త్రమే చెప్పిన ఎనిమిది సాత్విక భావాల దగ్గరికి వచ్చేసరికి రేడియో నటుడికి పెద్ద కష్టం ఎదురవుతుంది. స్తంభించిపోవడం, చెమట, గగుర్పాటు, స్వరభేదం, వణుకు, రంగు మారడం, కన్నీరు, మూర్ఛ అనే ఈ ఎనిమిదింటిలో నేరుగా చెవికి చేరేది స్వరభేదం ఒక్కటే. మిగిలిన ఏడింటినీ ఆ ఒక్కదానిలోంచే వినిపించాలి. నుదుటి మీద చెమటను మాట మధ్య గుటక చెప్పాలి. కాళ్ళ వణుకును వాక్యం చివర తెగిపోయిన ఊపిరి చెప్పాలి. భయానక శ్రవ్య నాటకంలోని నటన అంతా ఈ కుదింపే. అందుకే అది చాలా కష్టమైన నటన.

రంగస్థల నటులు రేడియోకు వచ్చినప్పుడు చేసే మొదటి పొరపాటు కేక వేయడం. మైకు ముందు కేక పగిలిపోతుంది. శ్రోత భయపడడు, రేడియో గొంతు తగ్గిస్తాడు. మైకుకు దగ్గరగా, ఊపిరితో కలిపి చెప్పిన మాట శ్రోత చెవి పక్కనే చెప్పినట్టుంటుంది. దూరం కూడా నటనలో భాగమే. మైకు నుంచి నాలుగడుగులు వెనక్కి వేసి, మొహం పక్కకు తిప్పి పిలిస్తే ఆ పిలుపు గట్టు అవతలి నుంచి వస్తుంది. అదే మాటను అదే స్వరంతో, అదే తొందర లేని తీరులో, ఈసారి మైకుకు బెత్తెడు దూరంలో చెబితే పిలిచినది ఒక్క క్షణంలో గట్టు దాటి వచ్చేసిందన్నమాట. మధ్యలో అడుగుల చప్పుడు లేదు. శ్రోతకు ఒళ్ళు జలదరించేది ఆ లేని చప్పుడుకే. ఏ యంత్రమూ అక్కర్లేని ఈ చిన్న ఉపాయాన్ని మించినది ఈ విద్యలో మరొకటి లేదనిపిస్తుంది.

సౌండ్ ఎఫెక్టుల సామగ్రి మామూలుదే. రెండు కొబ్బరి చిప్పలు గుర్రపు డెక్కలవుతాయి. నలిపిన సెలోఫేన్ కాగితం చితి మంట అవుతుంది. పలచని ఇనప రేకు ఊపితే ఉరుము, పళ్ళెంలో బియ్యం జారిస్తే వాన. తొట్టిలో నీళ్ళు చేత్తో కదిపితే చెరువు. ప్రతిధ్వని వచ్చే గదిలో గొంతు వినిపిస్తే గుహ, ఏ ప్రతిధ్వనీ లేని గదిలో వినిపిస్తే ఆరుబయలు. అయితే ఎఫెక్టు ఎంత ఉండాలన్నదే అసలు ప్రశ్న. తలుపు కిర్రుమనడం, నక్క ఊళ, పిడుగు మూడూ ఒకేసారి వేస్తే శ్రోత స్టూడియోను ఊహించుకుంటాడు, శ్మశానాన్ని కాదు. అనుభవం ఉన్న ప్రయోక్త ఒక్క చప్పుడును ఎంచుకుని, మొదట దాన్ని పూర్తిగా మామూలు సందర్భంలో వినిపిస్తాడు. నూతి గిలక చప్పుడు పొద్దున ఇల్లాలు నీళ్ళు తోడుతుండగా ఒకసారి వస్తుంది. సాయంత్రం ఇంకోసారి వస్తుంది. మూడోసారి, ఇంట్లోవాళ్ళందరూ ఒకే గదిలో ఉన్నారని సంభాషణలో తేలాక, అర్ధరాత్రి వస్తుంది. గిలక మారలేదు, చప్పుడూ మారలేదు. శ్రోతకు తెలిసిన సంగతి ఒక్కటే మారింది.

నిశ్శబ్దాన్ని వాడటం దీనికన్నా కష్టం. రేడియోలో చప్పుడు పూర్తిగా ఆగిపోతే, ప్రసారానికి అంతరాయం కలిగిందనుకుని శ్రోత లేచి మీట తిప్పుతాడు. కాబట్టి నిశ్శబ్దానికి ముందు దాన్ని పట్టి చూపే చప్పుడు ఒకటి ఉండాలి. కీచురాళ్ళ రొద సన్నివేశం పొడవునా సాగి హఠాత్తుగా ఆగితే అది అంతరాయం అనిపించదు. ఏదో దగ్గరికి వచ్చిందనిపిస్తుంది. గోడ గడియారం టిక్కుటిక్కులు, దూరంగా కప్పల బెకబెకలు, నిద్రపోతున్న పిల్లవాడి ఊపిరి కూడా ఇలాగే పనికొస్తాయి. నిశ్శబ్దం రెండు మూడు సెకన్లు దాటకూడదు. ఆ తరవాత వచ్చే మొదటి మాట మామూలు మాటే కావాలి.

రచనలో చూస్తే, భేతాళ కథల చట్రం శ్రవ్య నాటకానికే అల్లినట్టుంటుంది. రాజు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం మీదుగా నడుస్తాడు. శవంలోని భేతాళుడు కథ చెబుతాడు. దారిలో రాజు నోరు విప్పకూడదు. విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. అంటే ఒక గొంతు, ఒక మౌనం, ఆగకుండా సాగే అడుగుల చప్పుడు. ఆ మౌనం ఎప్పుడు తెగుతుందా అన్న ఉత్కంఠే నాటకం. 'చందమామ' ఈ కథల్ని తరాలపాటు ఇంటింటికీ చేర్చింది కాబట్టి నాలుగు అడుగులు, ఒక నవ్వు వినపడగానే తెలుగు శ్రోతకు స్థలమూ పాత్రలూ తెలిసిపోతాయి. రచయితకు పరిచయ వాక్యాల బరువు తప్పుతుంది.

బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకంలోని కాటి సీను సంగతి వేరు. గోదావరి, కృష్ణా జిల్లాల పందిళ్ళలో అది తెల్లవారుజామున వచ్చే ఘట్టం. జాషువా శ్మశాన పద్యాలు కూడా అందులో కలిసిపోయాయి. రంగస్థలం మీద దాని శోభ రాగాలాపనలో, జనం అడిగే వన్స్‌మోర్‌లలో ఉంది. రేడియోలో వన్స్‌మోర్ ఉండదు. దీర్ఘాలాపన దుఃఖాన్ని నిలబెడుతుంది, భయాన్ని మాత్రం చెదరగొడుతుంది. పద్యాన్ని మాటకు దగ్గరగా దించి, వెనక చితి చిటపటలు సన్నగా ఉంచినప్పుడు కాటికాపరి ఒంటరితనం శ్రోత గదిలోకి వస్తుంది. పద్యనాటకాన్ని ప్రేమించేవారికి ఇది లోటుగా తోచవచ్చు. కానీ చీకట్లో ఒక్కడే కూర్చుని వినేవాడికి ఆ తగ్గింపు గొంతే సరిపోతుంది.

కొల్లేరు ఇలాంటి నాటకానికి పుట్టిల్లు కాగల చోటు. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న ఈ సరస్సులోకి బుడమేరు, తమ్మిలేరు వచ్చి చేరతాయి. ఉప్పుటేరు ఒక్కటే దాన్ని సముద్రానికి కలుపుతుంది. నీటి మధ్య లంకలు, కిక్కిస దుబ్బులు, వాటి సందుల్లో దోనెల దారులు. చిత్తడి నేలల్లో రాత్రిపూట కదిలే వెలుగును పల్లెల్లో కొరివి దెయ్యం అంటారు. వెలుగు రేడియోకు అందదు. కాబట్టి రచయిత దాన్ని మనిషి మీదుగా చూపించాలి. దోనెలో ఇద్దరు మాట్లాడుకుంటూ వస్తుంటారు. గెడ నీళ్ళలో పడే చప్పుడు ఒక లయలో వినిపిస్తుంటుంది. ఒకడు చేపల ధర గురించి చెబుతూనే ఉంటాడు. గెడ చప్పుడు ఆగుతుంది. చెప్పేవాడు గమనించకుండా మరో రెండు వాక్యాలు చెప్పి, "ఏంట్రా, ఆపేశావ్?" అంటాడు. జవాబు రాదు. కొరివి దెయ్యం అన్న మాట అసలు పలకాల్సిన పనే లేదు.

పెద్దింట్లమ్మ కొలువైన కొల్లేటికోట చుట్టూ చెప్పుకొనే కథ ఇంకా లోతైనది. లాంగూల గజపతి అనే రాజు కాలంలో శత్రుసేన చిగురుకోట దగ్గర విడిసి, సరస్సు నీటిని సముద్రంలోకి వదిలి కోటను పట్టుకోవాలని ఉప్పుటేరు తవ్వించిందట. గజపతి సేనాని దేవతలను మెప్పించడానికి తన కూతుర్నే బలి ఇచ్చాడట. అందువల్లే ఆ కాలువకు పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందంటారు. దీన్ని నాటికగా మలిచేవారికి ప్రలోభం బలి ఘట్టం దగ్గర ఎదురవుతుంది: డప్పులు, కేక, కత్తి. అవేవీ వినిపించకూడదు. దూరాన శత్రువుల గునపాల చప్పుడు రోజురోజుకూ దగ్గరవుతుండటం, కూతురు నడిచినప్పుడల్లా వినిపించే కాలి పట్టీలు, తండ్రి ఆమెతో మాట్లాడే మామూలు మాటలు, ఇవి చాలు. చివరి సన్నివేశంలో తండ్రి ఒక్కడే మాట్లాడతాడు, పట్టీల చప్పుడు ఉండదు, గునపాల చప్పుడూ ఆగిపోతుంది. ఇందులో దెయ్యం లేదు. ఉన్న భయమంతా తండ్రిదే.

భయానకానికి పొరుగున ఉన్న అద్భుతంలో తెలుగు రేడియో శిఖరం హైదరాబాదు కేంద్రంలో వచ్చింది. చలం 'పురూరవ'లో శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా, రేడియో నటుడు చిరంజీవి పురూరవుడిగా వినిపించారు. దాదాపు రెండు గొంతుల మీదే నడిచే నాటకం అది. ఊర్వశి మనిషి కాదన్న సంగతి ఏ ఎఫెక్టూ లేకుండా, మనుషులు ఆగని చోట ఆగే ఆమె మాటలోనే తెలుస్తుంది. అమానుష పాత్రను పలికించాలనుకునే ఏ నటికైనా అది పాఠం.

వినే పరిస్థితి కూడా నాటకానికి తోడ్పడింది. మీడియం వేవ్ ప్రసారం రాత్రి పడ్డాక దూరాలకు పాకుతుంది. దాంతో పాటే గొంతులు ఉబ్బి తగ్గుతాయి, వేరే స్టేషన్ల మాటలు అడుగున లీలగా వినపడతాయి, వాన మబ్బు పడితే గరగరలు మొదలవుతాయి. సంగీత కచేరీకి ఇవి అపకారమే. కాటి సీనుకు మాత్రం మరో పొర నేపథ్యంగా కలిసేవి. మంచం పక్కన ట్రాన్సిస్టర్ పెట్టుకుని, దీపం తగ్గించి, ఇంటిల్లిపాదీ ఒకే చప్పుడు కోసం ఎదురుచూస్తూ వినేవారు.

టెలివిజన్ వచ్చాక ఈ వినికిడి సన్నబడింది. తొలినాళ్ళ ప్రత్యక్ష ప్రసారాల్లో చాలామటుకు రికార్డు కాకుండానే పోయాయి. అయినా చెవికి ఆకలి తీరిపోలేదు. కలకత్తాలో ఒక ఎఫ్.ఎం. స్టేషన్ 2009లో మొదలుపెట్టిన 'సండే సస్పెన్స్' బెంగాలీ దెయ్యాల కథలకూ డిటెక్టివ్ కథలకూ కొత్త తరం శ్రోతల్ని తెచ్చింది. తెలుగులో ఇప్పుడు ఫోన్లలో వినిపించే భయానక కథలు ఎక్కువగా ఒక్కరే చదివేవి, వెనక ఎడతెగని సంగీతం ఉండేవి. ఆ సంగీతం నిశ్శబ్దానికి చోటివ్వదు. ఇయర్‌ఫోన్లు పాతవారికి లేని సౌకర్యం ఇచ్చాయి: గొంతును కుడివైపు నుంచి ఎడమకు, వెనక నుంచి మెడ దగ్గరికి నడిపించవచ్చు. దాన్ని వాడుకోవాలంటే నలుగురు నటులు ఒకే గదిలో ఒకరి ఊపిరి ఒకరు వింటూ రిహార్సల్ చేయాలి. 'గణపతి'లో నండూరి సుబ్బారావు గొంతు ఎప్పుడు మైకు మీదికి వస్తుందో, ఎప్పుడు వెనక్కి తగ్గుతుందో ఆ రికార్డింగులో ఇప్పటికీ వినవచ్చు. హాస్య నాటకమే అయినా, దెయ్యాన్ని గట్టు దాటించడానికి కావలసిన దూరాల లెక్క అంతా అందులో ఉంది.