వెనక నడిచేవాళ్ల సంగీతం: న్యూ ఓర్లీన్స్ జాజ్‌ని నిలబెట్టిందెవరు?

తెలుగులో కళాపోషణ అనే మాట ఉంది. కథంతా ఆ మాటలోనే ఉంది. పోషించేవాడు పైన, పోషణ పొందేవాడు కింద. రాజులు పోయి ఇన్నేళ్లయినా గానసభల రసీదు పుస్తకాల్లో చందాదారులకి 'మహారాజ పోషకులు', 'రాజ పోషకులు' అనే అంతస్తులు చూస్తూనే ఉన్నాం. ముత్యాల ముగ్గు (1975) సినిమాలో ఒక దుర్మార్గపు కాంట్రాక్టరు చేత ముళ్లపూడి ఈ మాట అనిపిస్తే జనం పగలబడి నవ్వారు. నవ్వారు గానీ ఆ మాటని వదల్లేదు. ఇక వినేవాడికి మన అలంకారికులు పెట్టిన పేర్లు సహృదయుడు, రసికుడు. ఈయన కూర్చుంటాడు, తలాడిస్తాడు, చెమట పట్టదు. చెమట వాయించేవాడి వంతు. ఈ ఏర్పాటుని బ్రాహ్మణీయ సౌందర్యశాస్త్రం ప్రశ్నిస్తుందని ఎవరూ అనుకోరు. అభ్యుదయ విమర్శ కూడా దీని జోలికి పెద్దగా పోలేదు. దానికి కళాకారుడి నిబద్ధత కావాల్సొచ్చింది, కళాకారుడింట్లో బియ్యం సంగతి పట్టలేదు.

అమెరికాలో న్యూ ఓర్లీన్స్ నల్లజాతి వాడలు ఈ రెండు పనులకీ కలిపి ఒకటే సంఘం పెట్టుకున్నాయి. దాని పేరు 'సోషల్ ఎయిడ్ అండ్ ప్లెజర్ క్లబ్'. సహాయం, సంతోషం. చందా కట్టేదీ చిందేసేదీ ఒకే మనిషి. ఒక ఊళ్లో ఒక సంగీతాన్ని బతికించుకోవడం అంటే ఏమిటి, దాన్ని అనుభవించడం అంటే ఏమిటి అని అడిగితే జవాబు ఈ పేరులో దొరుకుతుందని నా వాదన. అయితే టూరిజం శాఖవాళ్లు రాసే వ్యాసం నేను రాయదల్చుకోలేదు. ఆ పని చెయ్యడానికి ఆ ఊళ్లో చాలామందే ఉన్నారు.

ఈ క్లబ్బుల తాతలు పరస్పర సహాయ సంఘాలు. తెల్లవాళ్ల బీమా కంపెనీలు నల్లవాళ్లని గడప తొక్కనివ్వని కాలంలో నెలకింత అని పోగేసుకుని, జబ్బు చేస్తే డాక్టరుకీ మందులకీ, చస్తే శవపేటికకీ బ్యాండుకీ ఈ సంఘాలే ఖర్చు పెట్టాయి. 1884లో మొదలైన 'యంగ్ మెన్ ఒలింపియన్' సంఘం ఇప్పటికీ నడుస్తోంది. జూలూ క్లబ్బు 1909 నాటిది. గమనించండి, బ్యాండు ఖర్చు మందుల ఖర్చు పక్కన ఒకే పద్దులో ఉంది. సంగీతం విలాసం కాదు, మర్యాదగా చావడానికి అవసరమైన సరంజామాలో ఒకటి. జాజ్ పుట్టిన రోజుల్లో దాన్ని వాయించినవాళ్లకి నమ్మకమైన కూలి ఇచ్చిన చోట్లలో ఇదొకటి. వేశ్యావాటికలో పుట్టిన సంగీతం అని జాజ్ గురించి చాలాకాలం రాస్తూ వచ్చారు. సమాధుల దారిలో, చందా పుస్తకాల్లో పెరిగిన సంగతి మాత్రం అంత గట్టిగా రాయలేదు. ఎందుకో మనకి వేరే చెప్పాలా?

శవయాత్రలో శ్మశానం దాకా బ్యాండు నిదానంగా భక్తిగీతాలు వాయిస్తుంది. శవాన్ని సాగనంపాక డ్రమ్ము మీద దెబ్బ మారుతుంది, వేగం అందుకుంటుంది, వెనకున్నవాళ్లు ఆడతారు. ముందు నడిచే కుటుంబం, క్లబ్బు, బ్యాండు మొదటి వరస. వెనక వచ్చి కలిసే జనం 'సెకండ్ లైన్', అంటే రెండో వరస. ఇప్పుడు చావు లేకపోయినా ఆగస్టు చివరినుంచి జూన్ దాకా దాదాపు ప్రతి ఆదివారం ఏదో ఒక క్లబ్బు తన వార్షిక ఊరేగింపు తీస్తుంది. నాలుగు గంటలు నడక. సభ్యులు ఒకే రంగు సూట్లు, టోపీలు, భుజాల మీద అడ్డపట్టీలు, చేతుల్లో ఈకల విసనకర్రలు. ఆ ఒక్క పూట బట్టల కోసం ఏడాదంతా జీతంలోంచి దాచుకుంటారు. హోటళ్లలో పనిచేసేవాళ్లు, బస్సు నడిపేవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు అందులో ఉంటారు. బ్యాండుకి డబ్బు క్లబ్బు ఇస్తుంది. టిక్కెట్టు లేదు, కుర్చీ లేదు, వేదిక లేదు. ట్యూబా కింది స్వరం పట్టుకుని నడిపిస్తుంటే, వెనకనుంచి ఎవడో ఖాళీ సీసా మీద చువ్వతో తాళం కలుపుతాడు, ఇంకొకామె తంబురీన్ తెస్తుంది. ట్రక్కు మీద మాంసం కాల్చి అమ్మేవాడికీ ఆ పూట గిట్టుబాటే. జనం అడుగు మందగిస్తే బ్యాండు పాట మారుస్తుంది. విన్నవాడి కాళ్లు కూడా వాద్యమే ఇక్కడ. సహృదయుడు అనే మాటకి ఇక్కడ పనిలేదు.

ఇప్పుడు మన వైపు చూద్దాం. మన దగ్గరా చావు డప్పు ఉంది. ఊళ్లో పెద్దకులపాయన చస్తే మాదిగ డప్పు పట్టుకుని పోవాల్సిందే. పోకపోతే తన్నులు, జరిమానా, వెలి. పోతే చివర నాలుగు గింజలు, సారా. అది పోషణ అని ఊరు అనుకుంది. అది వెట్టి అని వాడకి తెలుసు. చావు డప్పు కొట్టం అని ఎన్నో ఊళ్లలో మాదిగలు మొండికేశారు, దానికి సాంఘిక బహిష్కరణలు అనుభవించారు. అదే డప్పుని 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడి నుంచి దండోరా ఉద్యమం భుజానికెత్తుకుంది. డప్పు మారలేదు. పిలిచింది ఎవరన్నది మారింది. కొట్టనన్నవాడూ కొట్టినవాడూ ఒకే పని చేశారని నా ఉద్దేశం. న్యూ ఓర్లీన్స్ చావు బ్యాండుకీ మన చావు డప్పుకీ పోలిక చెప్పి మురిసిపోయే మిత్రులు ఈ తేడా మర్చిపోతున్నారు. అక్కడ శవం తమది, చందా తమది, సంతోషమూ తమదే. మనకి శవం వాళ్లది, చర్మం మనది.

అలాగని అక్కడ బానిసత్వపు నీడ లేదని కాదు. 1817లో నగర పాలకులు బానిసలు ఆదివారం పూట ఒక్కచోట మాత్రమే గుమిగూడాలని ఆంక్ష పెట్టారు. ఆ ఒక్కచోటు కాంగో స్క్వేర్. అక్కడ ఆఫ్రికా డోళ్లు మోగాయి. 1893లో ఆ మైదానానికి బానిసత్వాన్ని కాపాడ్డానికి యుద్ధం చేసిన జనరల్ బోరెగార్డ్ పేరు పెట్టారు. జనం మాత్రం పాత పేరుతోనే పిలుచుకున్నారు. నగర మండలి కాంగో స్క్వేర్ అని అధికారికంగా ఒప్పుకోడానికి 2011 దాకా పట్టింది. (ఆఫ్రికా డోలు మన హైదరాబాదుకీ వచ్చింది. నిజాం కొలువులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌గా పనిచేసిన సిద్దీల బస్తీయే ఏసీ గార్డ్స్. వాళ్ల మర్ఫా మీద పెళ్లి ఊరేగింపుల్లో ఎగరని హైదరాబాదీ తక్కువ. దాని గురించి మన సంగీత చరిత్రల్లో ఎన్ని పేజీలున్నాయో వెతికి చూడండి.)

నల్లవాళ్లలో నల్లవాళ్లకి మధ్య గోడల సంగతి కూడా మాట్లాడాలి. మనకి ఇది ఇంటి విషయం. ఆ నగరంలో లేతరంగు క్రియోల్ కుటుంబాలు ఉండేవి. ఫ్రెంచి మాట్లాడేవాళ్లు, బానిసత్వం పోకముందే స్వేచ్ఛ ఉన్నవాళ్లు, స్వరలిపి చదివి వాయించడం నేర్చినవాళ్లు. ఎగువ పేటల్లో తోటల్లోంచి వచ్చిన ముదురురంగు జనం, చెవితో నేర్చినవాళ్లు. ఈ రెండు పేటలకీ పొత్తు అంతంతమాత్రం. 1892 జూన్ 7న రైలులో తెల్లవాళ్ల పెట్టెలో కూర్చుని అరెస్టయిన హోమర్ ప్లెసీ క్రియోల్. ఆయన వృత్తి చెప్పులు కుట్టడం. మనవాళ్లు ఈ సంగతి ఎందుకు పట్టించుకోలేదో! ఆ పోరాటం నడిపిన పౌరుల కమిటీ గొప్పది. కానీ కోర్టులో వాదించిన వాదాల్లో ఒకటి, ప్లెసీలో ఎనిమిదింట ఏడు వంతులు తెల్లరక్తమే అని. 1896లో సుప్రీంకోర్టు ఆ వాదాన్నీ తోసేసి వేర్పాటుకి ముద్ర వేసింది. రంగులో ఎన్ని వంతులున్నా పెట్టె ఒకటే అయింది. స్వరలిపి తెలిసినవాడు చెవితో వాయించేవాడి పక్కన కూర్చోక తప్పలేదని, జాజ్ అలా వచ్చిందని పుస్తకాలు రాస్తాయి. కలయిక అంత తేలిగ్గా జరిగిందని నేననుకోను. చులకనలు చాలాకాలం నడిచాయి. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత కూడా మన రెండు వాడల మధ్య మాటలు ఎలా ఉన్నాయో చూస్తున్నాం కదా. చదువు ముందొచ్చినవాడు డప్పుని ఎప్పుడు దించాడు, ఎందుకు దించాడు, దించనివాడిని ఏమన్నాడు? ఈ ప్రశ్నలు అడిగితే ఐక్యత చెడుతుందనేవాళ్లు ఐక్యత ఎన్నడూ చూడనివాళ్లు.

మళ్లీ పోషణ దగ్గరికి. ప్రభుత్వం, వ్యాపారం జాజ్‌ని ఎట్లా ఆదుకున్నాయి? లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో ఆ ఊళ్లోనే పుట్టాడు. 1956లో లూసియానా శాసనసభ నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి వాయించకూడదని చట్టం చేస్తే, ఆయన 1965 దాకా సొంతూళ్లో వాయించలేదు. ఈలోగా 1964లో ఆయన పుట్టిన ఇల్లు కూల్చేశారు, అక్కడ పోలీసు, కోర్టు భవనాలు కట్టడానికి. ట్రెమే పేటలో సాంస్కృతిక కేంద్రం కోసమని నల్లవాళ్ల ఇళ్లు వీధులకి వీధులే తీసేశారు. ఆ ఖాళీలో 1980లో ఒక పార్కు తెరిచి దానికి ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు పెట్టారు. ఇల్లు కూల్చి పేరు పెట్టడం! 1966లో క్లెయిబోర్న్ రోడ్డు మధ్యలో ఉన్న ఓక్ చెట్ల వరసలు నరికి, నల్లవాళ్ల దుకాణాల నెత్తిన ఎత్తైన హైవే వేశారు. బ్యాండ్లు ఆ వంతెన కిందికి వెళ్లి వాయించడం మొదలుపెట్టాయి. కాంక్రీటు కింద బాకా శబ్దం గుండెలదిరేలా తిరిగొస్తుంది. తర్వాత ఆ స్తంభాల మీద చెట్లు బొమ్మలుగా వేసుకున్నారు.

1970లో మొదలైన జాజ్ అండ్ హెరిటేజ్ ఉత్సవం మొదటి ఏడు కాంగో స్క్వేర్‌లోనే జరిగింది. 1972లో గుర్రప్పందేల మైదానానికి వెళ్లింది. 2006నుంచి షెల్ చమురు కంపెనీ దాని ప్రధాన ప్రాయోజకి. ఉత్సవంలో నల్లవాళ్లు వేదిక మీదే తప్ప నిర్వహణలో ఎక్కడున్నారని స్థానిక ఉద్యమకారులు గొడవ చేస్తేనే 1979లో వాళ్లకంటూ ఒక భాగం దక్కింది. అన్నిటినీ ఒకే గాటన కట్టను. 1961లో మొదలైన ప్రిజర్వేషన్ హాల్ పని దొరకని ముసలి వాద్యగాళ్లకి పని ఇచ్చింది, వేర్పాటు రోజుల్లో అందరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టింది. అయినా అది హాలు. పిల్లవాడు బాకా పట్టుకోడానికి హాలు చాలదు. డెబ్భైల మొదట్లో డ్యానీ బార్కర్ ఫెయిర్‌వ్యూ బాప్టిస్టు చర్చి పిల్లలతో బ్యాండు కట్టాడు. బ్రాస్ బ్యాండ్లు ముసలివాళ్లతో అంతమైపోతాయనుకుంటున్న రోజులవి. 1977లో డర్టీ డజన్, 1983లో రీబర్త్ వచ్చాయి. 1991లో ఒక బాలికల స్కూలునుంచి పినెట్స్ అనే ఆడపిల్లల బ్యాండు వచ్చింది. మన డప్పు దళాల్లో ఆడవాళ్లెంతమందో లెక్కేసుకోవాల్సిన ఘట్టం ఇది. ఇక్కడ మగవాళ్లం సణుక్కోవడం ఆపాలి.

2005 ఆగస్టు 29న కత్రినా తుపానులో గట్లు తెగి నగరంలో ఎనభై శాతం మునిగింది. దేశమంతా న్యూ ఓర్లీన్స్ సంగీతాన్ని కాపాడండి అని విరాళాలు పోగుచేసింది. అదే సమయంలో ఏం జరిగింది? 2006లో ఒక ఊరేగింపు తర్వాత కాల్పులు జరిగాయని చెప్పి పోలీసులు ఊరేగింపుల ఫీజుని మూడు రెట్లకు పైగా పెంచారు. నిర్వాసితులై ఎక్కడెక్కడో తలదాచుకుని, ఆదివారం కోసం తిరిగొస్తున్న క్లబ్బులవాళ్ల మీద! క్లబ్బులన్నీ కలిసి ఫెడరల్ కోర్టుకి ఎక్కి 2007లో తగ్గించుకున్నాయి. అదే ఏడాది అక్టోబరు 1 రాత్రి ట్రెమేలో, చనిపోయిన ట్యూబా వాద్యగాడు కెర్విన్ జేమ్స్ కోసం నడుస్తున్న జనం మీదికి పోలీసు కార్లు వరసకట్టి వచ్చాయి. ఇద్దరు వాద్యకారులని అనుమతి లేకుండా ఊరేగినందుకు అరెస్టు చేశారు. డిసెంబరులో నగర మండలి ఏకగ్రీవంగా నాలుగు పేదల గృహసముదాయాలు, సుమారు 4500 ఇళ్లు కూల్చడానికి ఓటేసింది. అందులో ట్రెమేలోని లఫీట్ ఒకటి. బ్యాండుకి విరాళం దొరుకుతుంది. వెనక నడిచేవాళ్లకి ఇల్లు దొరకదు. రెండో వరస లేకపోతే మొదటి వరస పర్యాటకుల ముందు ఫొటోకి నిలబడ్డ మనుషులు మాత్రమే. సంగీతాన్ని ఆదుకోవడమంటే ఇంటి అద్దె గురించి మాట్లాడ్డమని అక్కడి క్లబ్బులకి బాగా తెలుసు.

మన వాడల్లో ఇట్లాంటి పద్ధతి లేదా? ఉంది. డక్కలివాళ్లు మాదిగలకే జాంబపురాణం చెప్తారు, చిందువాళ్లకి మాదిగ వాడల్లో మిరాశీ హక్కు. అగ్రకులం ప్రమేయం లేకుండా అంటరానివాళ్లు పోషించుకున్న కళ ఇది. దీన్ని గర్వంగా చెప్పుకోవచ్చు. కానీ డక్కలిని మాదిగ తన గుమ్మంలోకి రానిచ్చాడా? సహాయం ఉంది, సంతోషం ఉంది, సమానత్వం లేదు. పై మెట్టు దగ్గర నేర్చుకున్న పోషణే కింది మెట్టు మీద చూపించాం. డక్కలి బిడ్డ, కిన్నెర మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి పోతున్నారని పత్రికలు ఫొటోలు వేశాయి. ప్రభుత్వాన్ని తిట్టాం, తిట్టాల్సిందే. కానీ ఎస్సీ ఉద్యోగుల సంఘాలు ఇన్ని ఉండి, డైరీలూ క్యాలెండర్లూ ఏటేటా వేస్తూ, ఒక్క కిన్నెర గురువు దగ్గర పదిమంది పిల్లల్ని కూర్చోబెట్టే పద్దు ఎన్ని సంఘాల లెక్కల్లో ఉంది?

ఏప్రిల్ 14 ఊరేగింపుకి మనం డీజే పెట్టెలు కట్టిన లారీ తెస్తున్నాం. దానికి అడిగినంత ఇస్తున్నాం, అడ్వాన్సుతో సహా. ముందు రోజు సాయంత్రం ఎవరో గుర్తు చేస్తే పక్క వాడలో డప్పు కొట్టే ఆరుగురికి కబురు పంపుతాం. వాళ్లొస్తారు. చలిమంట వేసి డప్పులు కాచుకుంటారు. ఎంతకొస్తారు అని మనమే బేరం మొదలుపెడతాం.