కథలో మనవాళ్లకు ఏ పాత్ర?

ఏ కథలోనైనా ఒకరు కథను నడుపుతారు, ఒకరు అడ్డుపడతారు, ఒకరు తోడు నిలుస్తారు. ఎవరికి ఏ పని దక్కిందో చూస్తే, కథ అల్లినవారు ఎవరిని ఎలా చూశారో తెలుస్తుంది.

2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’ సినిమానే తీసుకుందాం. అందులో భీం బలవంతుడు, మంచివాడు. కొరడా దెబ్బలు తిన్నా మోకరిల్లడు. మన పిల్లలు ఈలలు వేశారు, తప్పేమీ లేదు. గోండు పిల్ల మల్లికి మాత్రం విడిపించేవాళ్ల కోసం ఎదురుచూడటమే పని. చివరికి ఏం కావాలని రామరాజు అడిగితే భీం చదువు కోరతాడు. జెండా మీద ‘జల్ జంగల్ జమీన్’ అని రామరాజే రాస్తాడు.

ఆ నినాదం భీందని మనమంతా చెప్పుకుంటాం. చాందాలో అచ్చుపని చేసేచోట ఆయన చదవడం, రాయడం నేర్చుకున్నాడని జీవితకథలు చెబుతాయి. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగేనాటికి ఆయన గూడేలను కూడగట్టిన నాయకుడు. సినిమా ఆయనకు కండబలం ఇచ్చి, అక్షరం పక్కవాడి చేతిలో పెట్టింది. నాయకుడు శిష్యుడయ్యాడు.

అది కల్పిత కథే కదా అంటారు. నిజమే. ఏదైనా కల్పించే వీలున్నప్పుడు కూడా ఆదివాసికి అడిగేవాడి పాత్రే ఎందుకు తట్టింది?

టీచర్లు ఏ కథ చెప్పినా పిల్లలను మూడు ప్రశ్నలు అడగండి: నిర్ణయం ఎవరిది? నేర్పేది ఎవరు? ఆఖరి మాట ఎవరిది? కథలు రాసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మన కథల్లో మల్లికి మనం ఏ పని ఇస్తున్నామో కూడా చూసుకుందాం.