వేలితో గీత

మొన్న ఆదివారం సాయంత్రం వాన వెలిశాక భీమిలి నుంచి విశాఖ వస్తున్నాం. కోడలు నడుపుతోంది. ముందు అద్దం మసకేసింది. పాత పేపరు ఉండచుట్టి (ఈ కాలమ్ అచ్చయిన పేజీయే) లోపల రుద్దడం మొదలెట్టాను. చెయ్యి నొప్పెట్టింది గానీ మసక కదల్లేదు.

“మావయ్యగారూ, ఓసారి వేలితో గీసి చూడండి.”

గీశాను. గీత పడలేదు.

“ఆవిరి బయటుందండీ,” అంటూ వైపరు ఒక్కసారి తిప్పింది. రోడ్డు కనబడింది.

ఏసీ మీద నాకో పాత పగ. అద్దాన్ని చల్లబరిచింది అదేగా! సముద్రం ఒడ్డున వానరోజుల్లో అద్దం 25 డిగ్రీలకి దిగితే చాలు, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమర్చేస్తుంది. వెంటనే ఆపించేశాను.

మా చిన్నాన్న అంబాసిడర్‌కి ఏసీ ఎక్కడిది! శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కామంటే వాన. డ్రైవరు చెవి మీది చుట్టముక్క విప్పి, పొగాకు తడిపి, అద్దానికి బయట పట్టించేవాడు. నీళ్లు బొట్లు కట్టకుండా పలచగా జారిపోయేవి. లోపలి ఆవిరికి మాత్రం ఆ వైద్యం పారేది కాదు. ఏడుగురం కూర్చున్న బండి మరి. ముక్కోణపు కిటికీ తెరిస్తే పిన్ని పట్టుచీర తడిసేది, మూస్తే లోయ కనబడేది కాదు. అనంతగిరి దాకా చిన్నాన్నకీ పిన్నికీ అదే గొడవ. గుడ్డ పట్టుకునే ఉద్యోగం నాది. తుడిచినచోట ఓ నిమిషం తెరిపి, మళ్లీ తెలుపు. పైగా గుడ్డ జిడ్డు చారలు కట్టి, ఎదురొచ్చే లారీ దీపం ఒకటి పదయ్యేది.

ఎంత హాయిగా ఉండేదో ఆ ప్రయాణం అని చెబుతుండగానే రుషికొండ దగ్గర వాన దంచింది. అద్దాలెత్తేశాం. బండిలో నలుగురం, తడిసిన గొడుగులు. క్షణాల్లో అన్నివైపులా తెల్లబడింది. ఈసారి గీత పడింది.

కోడలు మాట్లాడకుండా ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి మళ్లించి, లోపలి గాలినే తిప్పే బటన్ ఆపేసింది. నిమిషంలో తేటపడింది. ఏసీ చల్లదనానికే అనుకున్నాను గానీ, దాని అసలు కొలువు గాలిలో తడి పిండడం. 1902లో విల్లిస్ క్యారియర్ దాన్ని కట్టింది మనుషుల సుఖం కోసం కాదు, బ్రూక్లిన్‌లో ఒక అచ్చాఫీసులో తేమకి కాగితం ఉబ్బి రంగులు పక్కకి జరుగుతున్నాయని. అచ్చుమీద బతికే నేనా దాన్ని ఇన్నాళ్లూ తిట్టింది!

ఇల్లు చేరేదాకా ఆపమనలేదు. దిగి చూస్తే బండి కింద నీళ్లు టపటపా కారుతున్నాయి. అందులో మా నలుగురి ఊపిరీ ఉంది.