నిమ్మకు గింజ, దబ్బకు అంటు

పెరట్లో నిమ్మజాతి చెట్టు పెంచడంలో మన పెద్దల పద్ధతి చెట్టుకో తీరుగా ఉండేది. నిమ్మకు గింజ నాటేవారు. దబ్బకు గింజ పనికిరాదని కొమ్మ వంచి నేల అంటు తొక్కేవారు. పంపర పనసకూ అంతే. బత్తాయి దగ్గరికి వస్తే అది ఇంట్లో చేసుకునే పని కాదని, తెలిసిన చోటి నుంచి అంటు మొక్క తెప్పించుకునేవారు. ఒకే కుటుంబపు చెట్లకు ఇన్ని రకాల మర్యాదలు ఎందుకని అడిగితే "అలా చేస్తేనే కాస్తుంది" అన్న జవాబు తప్ప మరొకటి వచ్చేది కాదు. ఇవాళ తిరువళ్ళూరు, తిరుత్తణి లాంటి ఊళ్ళలో మొక్కలు కొనబోతే ఈ తేడా కనిపించడం కష్టం. అన్నీ అంటు మొక్కలేనంటారు, అన్నీ ఏడాదిలో కాస్తాయంటారు. మూరెడు మొక్కకు నాలుగు కాయలు వేలాడుతుంటే కొనేవాడి చూపు ఇంకెక్కడికీ పోదు. కానీ ఆ పాత పద్ధతి వెనక నిమ్మజాతి గింజ స్వభావం తెలిసిన లెక్క ఉంది. ఆ లెక్క తెలిస్తే కాయను చూసి మొక్క కొనడం ఎంత నష్టమో తెలుస్తుంది.

ముందు పేర్ల సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే ఈ సీమలో సగం పొరపాటు పేరు దగ్గరే జరుగుతుంది. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా చిత్తూరు జిల్లాలో ఉండి, సరిహద్దుల సర్దుబాటులో అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అందువల్ల ఒకే వీధిలో ఒకే కాయకు రెండు మూడు పేర్లు. మన నిమ్మ తమిళులకు ఎలుమిచ్చై, మన దబ్బ నార్తంగాయ్. కోస్తావాళ్ళు బత్తాయి అన్నదాన్ని రాయలసీమవాళ్ళు చీనీ అంటారు, ఇక్కడ అది సాత్తుక్కుడి. ఆంబూరు దగ్గరి సాత్‌గఢ్ పేరు మీదుగానే ఆ మాట వచ్చిందంటారు. నార్తంగాయ్ అడిగి నారింజ తెచ్చుకున్నవాళ్ళకు తేడా ఊరగాయ పెట్టేనాటికి గాని తెలియదు. ఇక నర్సరీవాళ్ళు "లెమన్" అని ఇచ్చేది మన నాటు నిమ్మే కానక్కరలేదు. గింజలేని పెద్దకాయ రకం కూడా ఆ పేరుతోనే చేతికి వస్తుంది. పేరు తప్పితే గింజ నాటాలా, అంటు కొనాలా అన్న లెక్కే తప్పుతుంది.

ఆ లెక్కేమిటో చూడాలంటే పండిన నాటు నిమ్మకాయ నుంచి ఒక గింజ తీసి, కడిగి, పైపొట్టు గోటితో ఒలిచి, లోపలి గోధుమరంగు పొరనూ తీసెయ్యాలి. చిక్కుడు గింజలో ఉన్నట్టు చక్కని రెండు బద్దలు ఉండవు. ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఎగుడుదిగుడుగా మూడు నాలుగు ముక్కలు విడివడతాయి. అవి ఒక్క గింజలో ఇమిడిన పలు పిండాలు. వాటిలో ఒకటి పుప్పొడి కలిసి పుట్టినది, తక్కినవి తల్లిచెట్టు కణాల నుంచే నేరుగా పుట్టినవి. అంటే ఒకే గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే, వాటిలో ఎక్కువ భాగం తల్లికి అచ్చు నకళ్ళు. గింజ నాటినా అంటు కట్టినంత నమ్మకంగా తల్లి గుణం రావడం నిమ్మకున్న వరం. నారుమడిలో ఒకే ఎత్తున, ఒకే ఆకు తీరున పెరిగినవాటిని ఉంచి, మరీ గిడసబారినదాన్నీ ఆకారం తేడాగా ఉన్నదాన్నీ పీకేస్తే పుప్పొడి బిడ్డ చాలావరకు తొలగిపోతుంది. దబ్బ గింజలోనూ పంపర పనస గింజలోనూ ఈ ఏర్పాటు లేదు. అక్కడ గింజకు ఒక్కటే పిండం, అదీ పుప్పొడి కలిసినదే. నాటితే మొలుస్తుంది, కాస్తుంది, కానీ తల్లిలా కాయాలని లేదు. దబ్బకు గింజ పనికిరాదన్న పెద్దల మాటకు ఆధారం ఇదే. వాళ్ళకు పిండశాస్త్రం తెలియకపోయినా పెరట్లో తరతరాలుగా చూసినది తెలుసు. చిత్రమేమంటే జన్యువుల లెక్కన నిమ్మకు తండ్రి దబ్బే. ఆగ్నేయాసియా దీవుల మైక్రాంతా అనే పుల్లజాతి చెట్టు తల్లి. తండ్రికి లేని గుణం బిడ్డకు అబ్బింది.

గింజకు ఇంకో మేలుంది, పెరటి తోటకు అసలు ప్రాణం అదే. నిమ్మజాతికి ట్రిస్టెజా అనే వైరస్ తెగులు పెద్ద శత్రువు. పేనుబంక ద్వారా చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది, తెగులున్న చెట్టు కొమ్మతో కట్టిన ప్రతి అంటులోకీ దిగుతుంది, గింజలోకి మాత్రం దిగదు. గింజ మొక్క శుభ్రంగా బతుకు మొదలుపెడుతుంది. ఎక్కడి చెట్టు కొమ్మో తెలియని అంటు మాత్రం రోగాన్ని వెంటబెట్టుకుని ఇంటికి రావచ్చు. మన నిమ్మ ఈ వైరస్‌కు ఎంత లోకువంటే, ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో తెగులును పట్టివ్వడానికి పరీక్షమొక్కగా వాడేది దాన్నే. కొనేవాళ్ళు కూడా ఆ పరీక్ష కొంతవరకు చేసుకోవచ్చు. లేత ఆకు ముదరబోయే దశలో ఉన్నదాన్ని ఎండకు ఎత్తి పట్టి చూడాలి. ఈనెల వెంట వెలుతురు తెగిన గీతల్లా, చుక్క చుక్కగా పారితే ఆ మొక్కను అక్కడే దించేయాలి, దానికెన్ని కాయలున్నా సరే. గీతలు కనిపించనంత మాత్రాన మొక్క శుభ్రమని రాసివ్వలేం. కనిపిస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు.

బత్తాయికి ఈ గింజ పద్ధతి చాలదు. ఇక్కడ సంప్రదాయం అంటువైపే ఉంది, అంటులోనూ పైకొమ్మ కంటే కింద వేరు ఏ జాతిదన్నదే ముఖ్యం. దీనికి సాక్ష్యం మన ఊళ్ళో కంటే దక్షిణ అమెరికాలో పెద్దది దొరుకుతుంది. 1930ల నుంచి అర్జెంటీనా, బ్రెజిల్‌లలో పుల్లనారింజ వేరు మీద కట్టిన బత్తాయి తోటలు లక్షలు, కోట్ల చెట్లుగా ఎండిపోయాయి. ట్రిస్టెజా అన్న పేరు అక్కడిదే, దిగులు అని అర్థం. ఆ తర్వాత బ్రెజిల్ తోటలను ఎక్కువగా నిలబెట్టిన వేరు బెంగాల్ పేరు మోసే రంగపూర్ నిమ్మ. వైరస్‌ను తట్టుకుంటుంది, బెట్టను ఓర్చుకుంటుంది, కొంత ఉప్పునీటినీ భరిస్తుంది. ఆంధ్రలో బత్తాయికి సిఫారసు చేసే వేరూ అదే. దానికి ముందు జంబేరి ఎక్కువ వాడుకలో ఉండేది. రైల్వే కోడూరు దగ్గర 1935లో పండ్ల పరిశోధన కేంద్రం పెట్టినప్పుడు కోడూరు కడప జిల్లా, తిరుత్తణి చిత్తూరు జిల్లా, రెండూ మద్రాసు రాజధానిలోవే. అక్కడ పనిచేసిన కె.సి. నాయక్ 1949లో దక్షిణ భారతపు పండ్ల సాగు మీద రాసిన గ్రంథం ఈనాటికీ తోటశాస్త్రం చదివేవాళ్ళు తిరగేసేదే. జంబేరి, రంగపూర్ రెండింటి గింజల్లోనూ నిమ్మలాగే పలు పిండాలున్నాయి కాబట్టే నారుమడిలో వేరు మొక్కలన్నీ ఒకే తీరున వస్తాయి. అంటే బత్తాయి అంటు కూడా అడుగున గింజ మీదే నిలబడి ఉంది.

అందుకని బత్తాయి మొక్క కొనేటప్పుడు కాండాన్ని కింది నుంచి పైకి చదవాలి. మట్టికి జానెడు ఎత్తున, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య, కన్ను అంటించిన చోట చిన్న వంపు, బెరడు రంగులో తేడా కనిపించాలి. అది మట్టికి ఆనుకుని ఉన్నా, మట్టిలో పూడిపోయినా వద్దు. కవరు అడుగున వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉన్న మొక్క ఎంత పచ్చగా ఉన్నా పాతదని అర్థం. నాటాక కూడా అంటు కింద నుంచి వచ్చే పిలకలను వచ్చినవి వచ్చినట్టు గిల్లెయ్యాలి. గిల్లకపోతే వేరు జాతి పైకొమ్మను మింగేస్తుంది. బత్తాయి నాటితే ముళ్ళతో ఎత్తుగా పెరిగి, పుల్లటి గరుకు కాయలు కాసిందని వాపోయేవాళ్ళను నర్సరీ మోసం చేసి ఉండకపోవచ్చు. పై బత్తాయి ఎప్పుడో చచ్చి, కింది జంబేరి రాజ్యమేలుతూ ఉండొచ్చు.

గింజ మొక్కంటే నాలుగైదేళ్ళు ఆగాలి కదా, అంటయితే రెండు మూడేళ్ళకే కాస్తుంది కదా అన్నది మొదటి అభ్యంతరం. నిజమే. కానీ పోలిక పెట్టాల్సింది మొదటి కాయతో కాదు. బాగా చూసుకుంటే పదిహేను ఇరవై ఏళ్ళు కాసే చెట్టు దగ్గర రెండేళ్ళ తొందర చిన్న విషయం. పైగా కుండీలో కాయలతో అమ్మే మొక్క నేలలో పెట్టాక ఆ కాయలు రాల్చుకుని, తేరుకుని, మళ్ళీ పూయడానికి తీసుకునే కాలాన్ని ఎవరూ లెక్కలో వేయరు. అపార్ట్‌మెంట్ మిద్దె మీద పెద్ద తొట్టిలోనే పెంచేవాళ్ళకు మాత్రం గాలి అంటు మొక్కే సబబు, అక్కడ గింజ మొక్క కోసం పట్టుబట్టడం మొండితనం. రెండో అభ్యంతరం బరువైనది. గింజ మొక్క శుభ్రంగా మొదలైనా పేనుబంక రేపో మాపో వైరస్ తెస్తుంది, గజ్జి తెగులు వానకాలంలో ఎలాగూ వస్తుంది, అలాంటప్పుడు కొత్త రకాలు వదిలి నాటు గింజ ఎందుకు అంటారు. తెగులు వస్తుందన్నది ఒప్పుకోవాలి. అయితే లేత వయసులో సోకడానికీ ముదిరాక సోకడానికీ చాలా తేడా ఉంది. కొత్త రకాలను వదలమని ఈ పద్ధతి ఎక్కడా చెప్పదు. తిరుపతి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన బాలాజీ రకం గజ్జిని తట్టుకుంటుంది. నెల్లూరు సీమలో పేట్లూరు ఎంపిక, తమిళనాడులో పెరియకుళం నుంచి వచ్చిన పి.కె.ఎం.-1 ఉన్నాయి. వీటి గుణం కూడా గింజలో నిలుస్తుంది. బాలాజీ చెట్టు పండు నుంచి గింజ వేస్తే బాలాజీయే వస్తుంది. పరిశోధన తల్లిని మెరుగుపరిచింది, గింజ పద్ధతి అలాగే పనికొస్తోంది.

నేల విషయంలో రెండు ఊళ్ళకూ ఒకే సలహా చెల్లదు. తిరువళ్ళూరు చుట్టూ చెరువుల కింది వరిపొలాల నేల. ఐప్పసి, కార్తీకాల ముసురులో పెరట్లో నీళ్ళు నిలిచేచోట నిమ్మ వేరు ఊపిరాడక కుళ్ళుతుంది, కాండం మొదట్లో బంక కారుతుంది. అక్కడ గుంట తవ్వి నాటడం కంటే అడుగున్నర ఎత్తున మట్టి దిబ్బ పోసి దాని మీద నాటడం మేలు. తిరుత్తణి వైపు కొండల పక్క రాతి నేలల్లో నీరు నిలవదు, వేసవిలో ఆగదు కూడా. అక్కడ లోతైన గుంట, దండిగా పశువుల ఎరువు, పైన ఎండాకు కప్పు కావాలి. రెండు చోట్లా పాదు మాత్రం రెండు వలయాలుగా కట్టాలి. లోపలి చిన్న వలయం కాండానికి నీరు తగలకుండా కాపు కాస్తుంది, నీళ్ళు పోసేది బయటి వలయంలోనే. జాలారి నీళ్ళు పారేచోట నిమ్మ పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది. మిగతావన్నీ సమర్థించాక దీన్ని సమర్థించలేను. గిన్నెలు తోమిన బూడిద నీళ్ళ కాలంలో అది నడిచిందేమో, ఇప్పటి సబ్బునీళ్ళు నిత్యం మొదట్లో నిలిస్తే చెట్టు బాగుపడదు. పది లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం కలిపిన బోర్డో పేస్టు ఏడాదికి రెండుసార్లు మొదలుకు పూస్తే బంక తెగులు చాలావరకు దూరంగా ఉంటుంది.

బజారులో దొరికే కాయకు ఇంత తంటా ఎందుకన్నవాళ్ళూ ఉంటారు. 2022 ఏప్రిల్‌లో చాలా నగరాల్లో నిమ్మ చిల్లర ధర కిలో 200 రూపాయలు దాటింది. ఎండలు ముదిరేవేళకే చెట్టు మీద కాయ తక్కువ, గొంతు దాహం ఎక్కువ, కాబట్టి ఏటా ఏదో మేర ఇదే కథ. తోటల రైతులు వేసవి కాపు కోసం హస్త కార్తె పూతను పట్టడానికి ముందు నీళ్ళు ఆపి చెట్టును బెట్టకు పెడతారు. ఈశాన్య రుతుపవనాల మీద బతికే ఈ సీమలో ఇంటి చెట్టు మీద ఆ ప్రయోగం చెయ్యొద్దనే అంటాను. వాన మన లెక్క వినదు, చెట్టు వడలడం ఒక్కటే మిగులుతుంది. పెరటి నిమ్మ ఏడాది పొడుగునా పదీ పరకా కాస్తూనే ఉంటుంది, ఇంటికి అది చాలు.

ముళ్ళచెట్టు ఇంట్లో ఉండకూడదన్న వాస్తు మాట చివరి అడ్డంకి. అది గుమ్మం ముందు, దారిలో పిల్లల కాళ్ళకు తగిలేచోట సరే. పెరటి గోడ వారన చెల్లాల్సిన పని లేదు. గింజ మొక్కకు లేతప్రాయంలో ఉండే పొడుగాటి ముళ్ళు చెట్టు ముదిరి కాపుకొచ్చాక పై కొమ్మల్లో పొట్టివైపోతాయి. దబ్బకు చోటుంటే దాన్నీ పెట్టాలి, కాయ కోసం కంటే ముందు ఆకు కోసం. దబ్బాకు తుంచి వేసిన మజ్జిగకు సాటి వేసవిలో ఇంకొకటి లేదు. తమిళుల ఇళ్ళల్లో ఆ ఆకుతోనే ఎండుమిర్చి, ఉప్పు దంచి చేసే పొడిముద్దను వేప్పిలైక్కట్టి అంటారు, పేరులో వేప ఉన్నా ముద్దలో వేపాకు ఉండదు. గింజ తియ్యడానికి అదను ఆడి మాసం. తిరుత్తణి కొండకు ఆడికృత్తిక కావళ్ళు ఎక్కే రోజుల్లో నిమ్మపండ్లు పసుపు తిరిగి చెట్టు కింద రాలుతుంటాయి. ఏ ఇంటి చెట్టు ఏళ్ళ తరబడి గజ్జి మచ్చ లేకుండా కాస్తోందో ఆ ఇంటివాళ్ళను అడిగి పది పండ్లు తెచ్చుకుని, జిగురు పోయేలా గింజలు కడిగి, బూడిదలో దొర్లించి, నీడన ఆరబెట్టి, ఆ వారంలోనే మడిలో వేసేయాలి. ఎండబెట్టి డబ్బాలో దాచిన నిమ్మగింజ మొలవదు.