పుట్టిన ఫైలు ఎక్కడుండాలి?

ప్రతి పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులోనూ ఎవరూ రాయని ఫైళ్లు కొన్ని ఉంటాయి. ఉండేది సీ భాషలోనే, కంపైలరు చదివేదీ మిగతావాటిని చదివినట్టే. కానీ వాటిని రాసింది మనిషి కాదు, ఇంకో ప్రోగ్రాము. వ్యాకరణ నియమాలున్న చిన్న ఫైలును బైసన్‌కి ఇస్తే వేల లైన్ల పార్సరు పుడుతుంది. కాన్ఫిగర్ స్క్రిప్టు నడిస్తే ఈ మెషీన్లో ఏముందో ఏం లేదో చెప్పే హెడరు పుడుతుంది. ఇలా పుట్టిన ఫైలును ఎక్కడ పెట్టాలన్నది చూడ్డానికి చిల్లర ప్రశ్న. బిల్డు పని చూసేవాళ్లు దశాబ్దాలుగా దానితోనే కుస్తీ పడుతున్నారు.

మొదట్లో ఇది ప్రశ్నే కాదు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ పార్సర్లు పుట్టించే యాక్ రాశాడు. మైక్ లెస్క్, తర్వాత గూగుల్‌కు అధిపతి అయిన ఎరిక్ ష్మిట్ కలిసి, అక్షరాలను టోకెన్లుగా విడగొట్టే కోడు పుట్టించే లెక్స్ రాశారు. 1976లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్, మారినవాటిని మాత్రమే మళ్లీ బిల్డు చేసే మేక్ రాశాడు. సోర్సు, దాన్నుంచి పుట్టిన సీ ఫైలు, ఆబ్జెక్టు ఫైలు, చివరి ప్రోగ్రాము అన్నీ ఒకే డైరెక్టరీలో పడి ఉండేవి. ఉన్నది ఒక్క మెషీను, చేసేది ఒక్క బిల్డు. ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు.

ఆఫీసు నిండా రకరకాల యునిక్స్ వర్క్‌స్టేషన్లు వచ్చాక ఇబ్బంది మొదలైంది. సోర్సు నెట్‌వర్క్ డిస్కులో ఒకేచోట ఉంటుంది. దాన్నే సన్ మెషీను కోసం ఒకరు, హెచ్‌పీ మెషీను కోసం మరొకరు బిల్డు చేయాలి. ఇద్దరి ఆబ్జెక్టు ఫైళ్లూ ఒకే పేరుతో ఒకదాని మీద ఒకటి పడితే ఇద్దరికీ ప్రోగ్రాము మిగలదు. అందుకని సోర్సు చెట్టును ముట్టుకోకుండా పక్కన ఖాళీ డైరెక్టరీ తెరిచి, పుట్టేవన్నీ అందులోనే పుట్టించే పద్ధతి వచ్చింది. బియ్యం ఆడించి తెచ్చిన పిండిని ఎవరూ మళ్లీ బియ్యం డబ్బాలో పోయరు కదా, అంతే సంగతి. జీసీసీ కంపైలరు ఇన్‌స్టలేషన్ సూచనలు ఇప్పటికీ సోర్సుకు బయట వేరే డైరెక్టరీలోనే బిల్డు చేయమని గట్టిగా చెబుతాయి. మెసాన్ అనే బిల్డు టూలు అయితే సూచనలతో ఆగదు, సోర్సులో బిల్డు చేస్తానంటే ఒప్పుకోనే ఒప్పుకోదు.

ఆబ్జెక్టు ఫైళ్లతో ఇది సులువే. వాటిని చూసి సోర్సు అని పొరబడేవాళ్లు ఉండరు. చిక్కంతా పుట్టిన సోర్సుతోనే. పుట్టుకను బట్టి అది బిల్డు డైరెక్టరీకి చెందాలి, రూపాన్ని బట్టి సోర్సులో ఇమిడిపోతుంది. పాత కాపీ ఒకటి సోర్సు చెట్టులో మిగిలిపోతే అది చేసే అల్లరి ఎలాంటిదో దగ్గరగా చూద్దాం.

చిన్న భాషకు ఇంటర్‌ప్రెటర్ రాస్తున్నాం అనుకోండి. వ్యాకరణం ఫైల్లో నాలుగు పోలిక గుర్తులు వరసగా ఉన్నాయి: సమానం, అసమానం, చిన్నది లేదా సమానం, పెద్దది లేదా సమానం. బైసన్ వీటికి 258 నుంచి మొదలుపెట్టి 261 దాకా నంబర్లిచ్చి ఒక హెడరు రాస్తుంది. లెక్కలు కట్టే ఫైలు చేత్తో రాసింది, సోర్సు చెట్టులో ఉంది, ఆ హెడరును కొటేషన్ గుర్తుల మధ్య ఇన్‌క్లూడ్ చేసుకుంటుంది. ఎప్పుడో ఎవరో సోర్సులోనే బిల్డు చేసి పోయారు గనుక పాత హెడరు అక్కడే పడి ఉంది. ఇప్పుడు సమానం తర్వాత 'లైక్' అనే కొత్త గుర్తు చేర్చి, వేరే డైరెక్టరీలో బిల్డు చేశాం. బైసన్ కొత్త హెడరును బిల్డు డైరెక్టరీలో రాసింది. లైక్‌కి 259 దక్కింది, తర్వాతివన్నీ ఒక్కో అంకె ముందుకు జరిగాయి. మార్చిన వ్యాకరణం నుంచి పుట్టిన పార్సరుకు చిన్నది లేదా సమానం అంటే ఇప్పుడు 261. కానీ కొటేషన్లలో ఉన్న హెడరు కోసం సీ కంపైలరు ముందు వెతికేది, ఇన్‌క్లూడ్ చేసిన ఫైలు ఉన్న డైరెక్టరీలోనే. లెక్కలు కట్టే ఫైలు ఉన్నది సోర్సులో. అక్కడ పాత హెడరు దొరికింది, వెతుకులాట ముగిసింది. పాత హెడరు ప్రకారం 261 అంటే పెద్దది లేదా సమానం.

కంపైలరు ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు, ప్రోగ్రాము చక్కగా నడుస్తుంది. మూడు అయిదు కంటే చిన్నదా లేదా సమానమా అని అడిగితే కాదంటుంది. బిల్డు కమాండుకు ఎన్ని ఇన్‌క్లూడ్ దారులు తగిలించినా లాభం లేదు, అవన్నీ ఆ మొదటి డైరెక్టరీ తర్వాతే లెక్కలోకి వస్తాయి. యాంగిల్ బ్రాకెట్లలో రాస్తే ఆ మొదటి వెతుకులాట ఉండదు గనుక కొంత నయం. అసలు మందు మాత్రం సోర్సు చెట్టులో ఆ ఫైలు లేకుండా చూసుకోవడమే.

లినక్స్ కెర్నల్ వాళ్లు ఈ మందునే కాస్త కటువుగా వాడతారు. వేరే డైరెక్టరీలో బిల్డు చేయమన్నప్పుడు సోర్సులో పాత బిల్డు ఆనవాళ్లు కనిపిస్తే, చెట్టు శుభ్రంగా లేదు, ముందు 'మేక్ ఎమ్మార్‌ప్రాపర్' నడపండి అని చెప్పి బిల్డు ఆగిపోతుంది. కొత్తవాళ్లకు చిరాకే గానీ నాకు ఈ మొండితనం నచ్చుతుంది. సీమేక్ అనే బిల్డు టూలు వరస వేరు. ఒకసారి పొరపాటున సోర్సులో నడిపితే అక్కడ ఒక క్యాష్ ఫైలు వదులుతుంది. తర్వాత బిల్డు డైరెక్టరీలోకి వెళ్లి పై డైరెక్టరీని చూపించి మళ్లీ నడిపితే, ఆ క్యాష్‌ను చూసి సోర్సునే బిల్డు డైరెక్టరీ అనుకుని నోరు మూసుకుని పని కానిస్తుంది.

పుట్టించడంలోనూ ఒక ఒడుపుంది. హెడరు మళ్లీ పుట్టిందంటే దాని టైమ్ మారుతుంది. టైమ్ మారితే దాన్ని వాడే ఫైళ్లన్నీ పాతబడ్డాయని మేక్ అనుకుంటుంది. లోపల ఒక్క అక్షరం మారకపోయినా వందల ఫైళ్లు మళ్లీ కంపైల్ అవుతాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నేరుగా అసలు పేరుతో రాయరు. తాత్కాలిక ఫైల్లో రాసి, ఉన్నదానితో పోల్చి, తేడా ఉంటేనే దాని స్థానంలో పెడతారు. జీసీసీలో ఈ పనికే 'మూవ్-ఇఫ్-చేంజ్' అనే బుల్లి స్క్రిప్టు ఉంది. కెర్నల్‌లో 'ఫైల్‌చెక్' అనే మాక్రో అదే పని చేస్తుంది. సీమేక్ కాన్ఫిగర్ చేసిన ఫైళ్లనూ ఇలాగే రాస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. మధ్యలో ఎవరైనా కంట్రోల్-సీ కొట్టినా సగం రాసిన ఫైలు అసలు పేరుతో మిగిలిపోదు. నా లెక్కలో ఇదే పెద్ద లాభం. సగం పుట్టిన ఫైలు తాజా టైముతో కూర్చుంటే మేక్ దాన్ని పూర్తయిందనే నమ్ముతుంది.

మొదటి బిల్డుకు మాత్రమే ఉండే చిక్కు మరొకటి. ఏ ఫైలు ఏ హెడరును వాడుతుందో కంపైలరు కంపైల్ చేస్తూ చేస్తూ రాసిపెడుతుంది, ఆ చిట్టా రెండో బిల్డుకు పనికొస్తుంది. మొదటిసారి చిట్టా ఉండదు గనుక హెడరు ఇంకా పుట్టకముందే దాన్ని అడిగే ఫైలు కంపైల్ కావచ్చు. మేక్‌ఫైళ్లు పుట్టించే ఆటోమేక్ ఇలాంటివాటిని ముందే పుట్టించడానికి 'బిల్ట్ సోర్సెస్' అనే జాబితా అడుగుతుంది. నింజా అనే బిల్డు టూల్లో వరసను మాత్రమే కాపాడే ప్రత్యేక ఆధారాలున్నాయి: హెడరు ముందు పుట్టాలి, కానీ అది మారినంత మాత్రాన అందరూ మళ్లీ కంపైల్ కానక్కర్లేదు.

మరి పుట్టిన ఫైళ్లను సోర్సుతో పాటు జనానికి పంచవచ్చా? పాత సంప్రదాయం పంచమనే చెప్పింది. టార్‌బాల్ దించుకున్నవాడి దగ్గర బైసన్ ఉంటుందో లేదో, సీ కంపైలరు ఒక్కటి ఉంటే చాలాలి అన్నది అప్పటి మర్యాద. కెర్నల్ కూడా పార్సర్లను 'షిప్డ్' అనే తోకతో సోర్సులోనే మోసుకు తిరిగేది. 4.16 నుంచి ఆ పద్ధతి మానేసి, లెక్స్ లాంటి ఫ్లెక్స్, బైసన్ మీ దగ్గర ఉండాల్సిందే అంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఇప్పటికీ పంచుతుంది. వందకు పైగా సోర్సు ఫైళ్లను కలిపి ఒకే పెద్ద సీ ఫైలుగా ఇస్తుంది, పార్సరు కూడా అందులోనే. దాన్ని తప్పు పట్టలేం. అక్కడ పుట్టిన ఫైలు సోర్సులో దాక్కోలేదు, అమ్మకానికి పెట్టిన సరుకే అది. పుట్టిన ఫైలును గిట్‌లో చేర్చడమే నాకు మింగుడుపడదు. క్లోన్ చేసినప్పుడు గిట్ పాత టైములను తిరిగి ఇవ్వదు. వ్యాకరణం ఫైలు కొత్తదో దాని నుంచి పుట్టింది కొత్తదో మేక్‌కి తెలియక, ఒకడి దగ్గర బైసన్ నడుస్తుంది, ఇంకొకడి దగ్గర నడవదు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్లు ఏళ్ల తరబడి తమ టార్‌బాల్‌లో పార్సరును పుట్టించి పెట్టేవాళ్లు. 2023లో ఆ పని ఆపేశారు. 2024లో వచ్చిన 17వ వెర్షన్ టార్‌బాల్ గిట్‌లో ఉన్నదాన్ని ఉన్నట్టు మూట కట్టినదే. ఆ నిర్ణయం తర్వాత కొన్ని నెలలకే, 2024 మార్చి 29న, ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్రోగ్రాములో దొంగ కోడు దూర్చిన ఉదంతం బయటపడింది. 5.6.0, 5.6.1 టార్‌బాళ్లలో బిల్డు స్క్రిప్టుకు చెందిన ఒక ఎం4 ఫైలు గిట్‌లో లేని రూపంలో ఉంది. దొంగ కోడును బిల్డులోకి లాగింది అదే. అలాంటి టార్‌బాళ్లలో పుట్టించిన స్క్రిప్టు వేల లైన్లుంటుంది, దాన్ని ఎవరూ చదవరు, గిట్‌తో తేడా ఉన్నా మామూలే అనుకుంటారు. ఆ అలవాటే దొంగకు కలిసొచ్చింది. పట్టుకున్న ఆండ్రెస్ ఫ్రాయిండ్ పోస్ట్‌గ్రెస్ డెవలపరే. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని తవ్వితే బయటపడింది.

తమ ప్రాజెక్టు ఈ విషయంలో ఎంత శుభ్రంగా ఉందో చూసుకోవాలంటే ఆటోమేక్‌లోని 'డిస్ట్‌చెక్' చూపిన దారి ఉంది. అది టార్‌బాల్‌ను విప్పి, సోర్సు చెట్టంతటికీ రాసే అనుమతి తీసేసి, లోపలి వేరే డైరెక్టరీ నుంచి బిల్డు చేసి, టెస్టులు నడిపి, చివరికి ఏమైనా చెత్త మిగిలిందా అని చూస్తుంది. ఆటోమేక్ లేకపోయినా ఒక్క సీహెచ్‌మాడ్ కమాండుతో సోర్సుకు రాసే అనుమతి తీసేసి ఇదే పరీక్ష చేసుకోవచ్చు. సీమేక్ అయినా, చేత్తో రాసిన మేక్‌ఫైలు అయినా సరే. అప్పుడు తరచుగా ముందు కూలేది పార్సరు కాదు. గిట్ నుంచి వెర్షన్ నంబరు తీసి హెడరులో రాసే నాలుగు లైన్ల షెల్ స్క్రిప్టు. దాన్ని రాసినవాడు సోర్సు డైరెక్టరీలోనే కూర్చుని రాసి ఉంటాడు.